ఒకటీ ఒకటీ రెండు కాని లెక్క: మత్తు సూదులు కలిసినప్పుడు

హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ (ఓటీ) లోకైనా పొద్దున ఎనిమిదింటికి తొంగి చూస్తే మత్తు డాక్టర్ చేతి పక్కన ఒక స్టీలు ట్రే ఉంటుంది. అందులో వరుసగా సిరంజిలు, ఒక్కోదాని మీద అతికించిన చిన్న ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో రాసిన మందు పేరు. ఒకదాంట్లో నీళ్లలా కనిపించే, టెన్షన్ తగ్గించే మిడజోలం, ఇంకోదాంట్లో అదీ నీళ్లలాగే ఉండే నొప్పిమందు ఫెంటానిల్, 20 మిల్లీల పెద్ద సిరంజిలో చిక్కటి పాలలాంటి నిద్రమందు ప్రొపోఫోల్, దాని పక్కన కండరాలను సడలించే మందు. బయట కుర్చీల్లో ఎదురుచూసే బంధువులు మాత్రం "మత్తు సూది ఇచ్చారంట" అనుకుంటారు, ఏదో ఒక్క సూది అన్నట్టు. జనరల్ అనస్థీషియాలో మనిషిని నిద్రపుచ్చే ఆ కొద్ది నిమిషాల్లో నాలుగైదు మందులు ఒకే నరంలోకి ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. లోపలికి వెళ్లాక ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉండవు, ఒకదాని పనిలో ఇంకోటి వేలు పెడుతుంది.

పుస్తకంలో రాసిన డోసు ఆ మందును ఒంటరిగా ఇచ్చినప్పటిది. అలా ఒంటరిగా ఇచ్చే రోజు దాదాపు ఉండదు. కలిపి ఇచ్చినప్పుడు నిద్రకు ఒక లెక్క, నొప్పికి ఇంకో లెక్క, ఊపిరికి ఒకటి, బీపీకి మరొకటి. మందులు కలిస్తే పని పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే జవాబు దొరకదు, ఏ పని గురించి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. "డోసు తగ్గించాం కాబట్టి సేఫ్" అనే మాట సగమే నిజం కావడానికి కారణం ఇదే.

60 కిలోల బరువున్న, 35 ఏళ్ల, వేరే జబ్బులేమీ లేని మనిషిని తీసుకుందాం. పిత్తాశయంలో రాళ్లకు లాపరోస్కోపీ ఆపరేషన్. పెద్దవాళ్లను ప్రొపోఫోల్ ఒక్కదానితోనే నిద్రపుచ్చాలంటే కిలోకు 1.5 నుంచి 2.5 మి.గ్రా. కావాలి. కిలోకు 2 చొప్పున వేసుకుంటే 120 మి.గ్రా., అంటే మిల్లీకి 10 మి.గ్రా. ఉండే ఆ తెల్లమందు 12 మిల్లీలు. అదే మనిషికి ముందుగా 1 మి.గ్రా. మిడజోలం, తర్వాత 100 మైక్రోగ్రాముల ఫెంటానిల్ ఇచ్చి మూడు నాలుగు నిమిషాలు ఆగితే, ఏడెనిమిది మిల్లీలకే కళ్లు మూతపడటం, పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం ఓటీలో రోజూ జరిగేదే. ఆ మిడజోలం ఒక్కటే ఇచ్చి ఉంటే మనిషి కాస్త మగతగా, టెన్షన్ తగ్గి, కబుర్లు చెబుతూనే ఉండేవాడు. ఆ ఫెంటానిల్ ఒక్కటే ఇచ్చి ఉంటే తల తేలికగా ఉందనో ముక్కు దురద పెడుతోందనో అనేవాడు, నిద్ర మాత్రం పోయేవాడు కాదు. సొంతంగా నిద్రపుచ్చలేని రెండు చిన్న డోసులు నిద్రపుచ్చే మందు అవసరాన్ని అంత తగ్గించాయంటే లోపల జరిగింది మామూలు కూడిక కాదన్నమాట.

మందును ఒంటరిగా పరీక్షించి తీర్పు చెబితే ఏమవుతుందో చూడాలంటే ఈ ఊరి చరిత్రలోకే వెళ్లొచ్చు. 1888లో, మళ్లీ 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. ఆ కాలపు మత్తుమందు క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు హఠాత్తుగా చనిపోతుండటం అప్పట్లో పెద్ద గొడవ. ఊపిరి ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా అన్నదే ప్రశ్న. బ్రిటిష్ రెసిడెన్సీకి సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీకి ఊపిరే ముందు ఆగుతుందని గట్టి నమ్మకం, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదన్నది ఆయన వాదం. రెండో కమిషన్‌కు లాన్సెట్ అనే వైద్య పత్రిక తన ప్రతినిధిని పంపేందుకు నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు, అలా లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన ఫార్మకాలజిస్టు హైదరాబాద్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమని తేల్చారు. డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ, ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా డాక్టర్లలో ఒకరిగా ఇవాళ గుర్తు చేసుకునే ఆమె, హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదువు పూర్తి చేసింది కూడా సరిగ్గా ఆ 1889లోనే.

ప్రయోగాలు శ్రద్ధగానే చేశారు, లోటు వేరే చోట ఉంది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఆ లోటు ఏమిటో చూపించాడు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కింది గదులు లయ తప్పి, కొట్టుకోవడం మాని, ఊరికే అదురుతూ ఉండిపోయాయి. క్లోరోఫాం గుండె కండరాన్ని అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది, ఆ పైన అడ్రినలిన్ పడితే అగ్గికి ఆజ్యమే. మరి ఆపరేషన్ బల్ల మీద అడ్రినలిన్ ఎవరు ఇచ్చారు? ఎవరూ ఇవ్వక్కర్లేదు. మత్తు సరిగ్గా ఎక్కకముందే కత్తి పెడితే భయానికీ నొప్పికీ రోగి ఒంట్లోంచే అది పుట్టుకొస్తుంది. రెండో మందు సిరంజిలో లేదు, మనిషి లోపలే ఉంది. ఆ కలయికను వెతకాలన్న ఆలోచన హైదరాబాద్ ప్రయోగాల్లో రాలేదు.

కలయికను లెక్కగట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది జర్మన్ ఫార్మకాలజిస్టు జీగ్‌ఫ్రీడ్ లోయే, 1920లలో. పద్ధతి స్కూలు పిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువు. గ్రాఫ్ కాగితం మీద నిలువు గీత ప్రొపోఫోల్ డోసు, అడ్డగీత మిడజోలం డోసు అనుకోండి. పది మందిలో ఐదుగురిని నిద్రపుచ్చడానికి ప్రొపోఫోల్ ఒక్కటే ఎంత కావాలో నిలువు గీత మీద ఒక చుక్క, మిడజోలం ఒక్కటే ఎంత కావాలో అడ్డగీత మీద ఇంకో చుక్క పెట్టి రెండింటినీ స్కేలుతో కలపాలి. ఇది సగం, అది సగం ఇస్తే అదే ఫలితం వచ్చిందంటే చుక్క సరిగ్గా ఆ గీత మీద పడుతుంది, అది మామూలు కూడిక. ఇంకా తక్కువతోనే పని అయిపోతే చుక్క గీతకు లోపల, మూల వైపు పడుతుంది, అంటే రెండూ ఒకదానికొకటి బలం ఇచ్చుకుంటున్నాయి. గీతకు అవతల పడితే ఒకదాన్నొకటి వెనక్కి లాగుతున్నట్టు. 1990ల మొదట్లో హాంకాంగ్ పరిశోధకులు ప్రొపోఫోల్‌ను మిడజోలంతో కలిపి ఈ లెక్క వేస్తే చుక్క గీతకు బాగా లోపల పడింది. ముందుగా మిడజోలం ఇచ్చినవాళ్లకు ప్రొపోఫోల్ అవసరం దాదాపు సగానికి తగ్గిపోయింది. థయోపెంటోన్ అనే పాత నిద్రమందుతో కలిపినా మిడజోలం ఇలాగే బలం ఇస్తుంది.

ఇంత తేడా ఎందుకు? మెదడు కణాల మీద గాబా గ్రాహకాలు అని ఉంటాయి, వాటిని నీటి తూముల్లా ఊహించుకోవచ్చు. గాబా అనే రసాయనం వచ్చి తాకితే తూము తెరుచుకుని క్లోరైడ్ లోపలికి వెళ్తుంది, కణం మందగిస్తుంది. ప్రొపోఫోల్, మిడజోలం రెండూ ఈ తూము మీదే పనిచేస్తాయి కానీ పట్టుకునే చోట్లు వేరు. మిడజోలం పైభాగంలో ఒక చోట అతుక్కుని తూము పదే పదే తెరుచుకునేలా చేస్తుంది, ప్రొపోఫోల్ కణం పొర లోపల దాగిన మరో చోట పట్టుకుంటుంది, డోసు పెరిగితే గాబా లేకపోయినా తానే తెరవగలదు. ఇద్దరు మనుషులు ఒకే పిడి పట్టుకుంటే చేతులకు చేతులు అడ్డం. ఒకడు పిడి, ఇంకొకడు గొలుసు పట్టుకుంటే తూము అలవోకగా లేస్తుంది. ఫెంటానిల్ దారి పూర్తిగా వేరు, అది ఓపియాయిడ్, అంటే నల్లమందు జాతి నొప్పిమందు, దానికి ఓపియాయిడ్ గ్రాహకాలు కావాలి, వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ నొప్పి కబురు పైకి పోకుండా నొక్కేస్తుంది.

దారులు వేరైతే తప్పకుండా బలం పెరుగుతుందని ఇక్కడ సూత్రం కట్టేయాలనిపిస్తుంది, కానీ కెటమిన్ అనే ఇంకో మత్తుమందు ఆ సూత్రాన్ని నిలబడనివ్వదు. కెటమిన్ పనిచేసేది గాబా మీద కాదు, ఎన్‌ఎండీఏ అనే వేరే గ్రాహకాలను మూస్తుంది. దారి వేరే కదా అని ప్రొపోఫోల్‌తో కలిపితే నిద్ర విషయంలో వచ్చేది మామూలు కూడికే, మిడజోలంతో కలిపినా థయోపెంటోన్‌తో కలిపినా అంతే. కెటమిన్, ప్రొపోఫోల్ కలపడంలో లాభం వేరే చోట ఉంది. కెటమిన్ బీపీని, గుండె వేగాన్ని పైకి లేపుతుంది, ప్రొపోఫోల్ కిందికి దించుతుంది, రెండూ సర్దుకుంటాయి. కెటమిన్ తర్వాత వచ్చే పీడకలల్ని మిడజోలం తగ్గిస్తుంది. కెటమిన్‌తో కలిపిన మందులు నిద్రకు కూడికగా, బీపీకి ఎదురెదురుగా, కలలకు విరుగుడుగా పనిచేస్తున్నాయి.

నిద్ర, నొప్పి మధ్య తేడా ఈ వ్యవహారానికి గుండెకాయ లాంటిది. ఆషాఢంలో లాల్‌దర్వాజా దగ్గర ఇల్లు ఉన్న మనిషిని ఊహించుకోండి, రాత్రి బాగా నిద్రపట్టింది, కానీ కిటికీ కింద బోనాల డప్పులు మొదలయ్యాయి. ఆ డప్పులకు కూడా లేవనంత గాఢనిద్ర కావాలంటే నిద్రమందు చాలా ఎక్కువ వేయాలి, అంత వేస్తే ఊపిరి, బీపీ కూడా పడిపోతాయి. కిటికీ తలుపులు మూసేస్తే మామూలు నిద్రే సరిపోతుంది. ఫెంటానిల్ చేసేది ఆ తలుపులు మూయడం. స్పృహ పోవడానికి ఎంత ప్రొపోఫోల్ కావాలో ఆ అవసరాన్ని ఫెంటానిల్ కొంతమేరకే తగ్గిస్తుంది. ట్యూబ్ వేయడానికి గొంతులో లారింగోస్కోప్ అనే పరికరం పెట్టినా, చర్మం మీద గాటు పెట్టినా మనిషి కదలకుండా ఉండటానికి ఎంత కావాలో దాన్ని మాత్రం చాలా భారీగా తగ్గిస్తుంది. తలుపులు ఎంత గట్టిగా బిగించినా గదిలో మనిషి నిద్రపోయాడని గ్యారంటీ లేదు కదా, ఓపియాయిడ్ ఎంత పోసినా అంతే, ఒక్కదానితో స్పృహ పోతుందని నమ్మడానికి లేదు. గుండె ఆపరేషన్లలో పెద్ద పెద్ద డోసుల్లో ఫెంటానిల్ వాడిన రోజుల్లో కొందరు రోగులు ఆపరేషన్ మధ్యలో మాటలు విన్నామని తర్వాత చెప్పారు. నిద్రకు నిద్రమందు, నొప్పికి నొప్పిమందు, రెండూ కొద్దికొద్దిగా. 1926లో అమెరికన్ డాక్టర్ జాన్ లండీ "సమతుల్య అనస్థీషియా" అని పేరు పెట్టింది ఈ ఆలోచనకే.

ఇక ఊపిరి. ఇక్కడ నిర్లక్ష్యం ప్రాణాలు తీస్తుంది. మిడజోలం కొత్తగా వచ్చిన 1980లలో అమెరికాలో ఎండోస్కోపీ లాంటి చిన్న పరీక్షల దగ్గర ఊపిరి ఆగి మరణాలు నమోదయ్యాయి, వాటిలో చాలామందికి మిడజోలంతో పాటు ఓపియాయిడ్ కూడా ఇచ్చారు. 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 12 మంది ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఈ మందులు విడివిడిగా, తర్వాత కలిపి ఇచ్చి చూశారు. మిడజోలం ఒక్కటే ఇచ్చినప్పుడు ఊపిరికి చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. ఫెంటానిల్ ఒక్కటే ఇచ్చినప్పుడు ఆరుగురికి రక్తంలో ఆక్సిజన్ పడిపోయింది. రెండూ కలిపితే 12 మందిలో 11 మందికి ఆక్సిజన్ పడిపోయింది, ఆరుగురికి ఊపిరి పూర్తిగా ఆగింది. ఆరోగ్యవంతుల పరిస్థితే అది! ఓటీలో మత్తు డాక్టర్ మాస్కుతో, బ్యాగుతో, ట్యూబుతో సిద్ధంగా ఉంటాడు కాబట్టి ఊపిరి ఆగడం అక్కడ అనుకున్న పనే. అదే కలయికను మానిటర్ సరిగ్గా లేని చిన్న గదిలో, "కాస్త మగతకు" అని, పక్కన ఊపిరి అందించగల మనిషి లేకుండా ఇస్తే సంగతి వేరు. దీన్ని చిన్న పని అనుకోవడానికి అసలు వీల్లేదు. మిడజోలంకు ఫ్లుమజెనిల్, ఫెంటానిల్‌కు నలాక్సోన్ అని విరుగుళ్లు ఉన్నాయి, కానీ ఏ విరుగుడు దాని మందుకే పనిచేస్తుంది, పైగా మందు కంటే ముందే విరుగుడు దిగిపోతే మనిషి మళ్లీ మగతలోకి జారవచ్చు. ప్రొపోఫోల్‌కైతే విరుగుడే లేదు, అది దిగేదాకా ఊపిరి మనం ఇవ్వాల్సిందే.

బీపీ సంగతి చాలామంది డాక్టర్లు కూడా తేలిగ్గా తీసుకునే చోటు. మిడజోలం, ఫెంటానిల్ కలిపి ప్రొపోఫోల్ తగ్గిస్తే బీపీ నిలకడగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. ప్రొపోఫోల్ రక్తనాళాలను వదులు చేస్తుంది, నాళాలను బిగించి ఉంచే నరాల హుషారును తగ్గిస్తుంది, నిజమే, కాబట్టి అది తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఫెంటానిల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, విడిగా ఇస్తే బీపీని పెద్దగా కదిలించని మిడజోలం, ఫెంటానిల్ కలిసి ఇస్తే ఆ నరాల హుషారు పడిపోయి బీపీ దిగడం గుండె రోగుల్లో ఎప్పటినుంచో చూస్తున్నదే. నిద్రకు ఒకదానికొకటి బలం ఇచ్చుకున్నట్టే బీపీని దించడంలోనూ ఇచ్చుకోవచ్చు. అప్పుడు ప్రొపోఫోల్ తగ్గించి మిగిల్చుకున్నదంతా ఇంకో చేతి నుంచి పోయినట్టే. 75 ఏళ్ల పెద్దావిడకు తుంటి ఎముక ఆపరేషన్ అయితే ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది, నిద్రకు కావాల్సిన డోసు వయసుతో తగ్గుతుంది, బీపీ పడే గుణం వయసుతో పెరుగుతుంది. అలాంటివాళ్లకు మిడజోలం పూర్తిగా వదిలేసి, ప్రొపోఫోల్‌ను కొంచెం కొంచెంగా ఎక్కించడమే మేలు, లేచాక అయోమయం కూడా తక్కువ ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం టైము దగ్గర. నరంలోకి ఎక్కించిన క్షణానికీ మెదడులో మందు గరిష్ఠంగా పనిచేసే క్షణానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, ఆ ఆలస్యం ఒక్కో మందుకు ఒక్కోలా. ఫెంటానిల్‌కు దాదాపు మూడున్నర నిమిషాలు. ప్రొపోఫోల్‌కు ఒకటిన్నర నుంచి రెండు. మిడజోలం ఫెంటానిల్ కంటే కూడా నెమ్మది కావచ్చు. కండరాలు సడలించే రోక్యురోనియం మామూలు డోసుకు నిమిషంన్నర, రెండు నిమిషాలు, పెద్ద డోసుకు నిమిషం. ఇప్పుడు తొందరలో ఉన్న ఓటీని ఊహించండి, తర్వాతి కేసు ట్రాలీ మీద ఎదురుచూస్తోంది, ఫెంటానిల్, ప్రొపోఫోల్, రోక్యురోనియం మూడూ అర నిమిషంలో వరుసగా ఎక్కించేశారు. రెండో నిమిషంలో గొంతులోకి లారింగోస్కోప్ వెళ్లింది. ప్రొపోఫోల్ బలంగా ఉంది, ఫెంటానిల్ మాత్రం ఇంకా పూర్తిగా పైకి రాలేదు, అంటే తలుపులు సగమే మూసి ఉన్నాయి. బీపీ 170కి లేచింది, గుండె 120కి పరిగెత్తింది. కంగారుపడి ఇంకో విడత ప్రొపోఫోల్ ఇచ్చారు. ట్యూబ్ వెళ్లిపోయింది, గొంతులో గెలికేది ఆగిపోయింది, పొట్ట శుభ్రం చేసి గుడ్డలు కప్పడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు ఒంటికి నొప్పే లేదు. సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఫెంటానిల్, అదనంగా పడిన ప్రొపోఫోల్ కలిసి గోరుచుట్టు మీద రోకటి పోటులా పడ్డాయి. బీపీ 75. మందులు అవే, డోసులు దాదాపు అవే. ఫెంటానిల్ ఇచ్చి మూడు నిమిషాలు ఆగి ఉంటే ఈ ఎగుడుదిగుళ్లలో సగానికి పైగా ఉండేవి కావు.

గుండె బలహీనంగా ఉన్న మనిషిలో ఈ టైము ఇంకా మోసం చేస్తుంది. చేతి నరంలో పోసిన మందు మెదడు చేరడానికి మామూలుగా అర నిమిషం చాలు. రక్తం నెమ్మదిగా తిరిగే మనిషిలో అదే మందు నిమిషం దాటాక గానీ చేరదు. కళ్లు మూతపడలేదని ఇంకో రెండు మిల్లీలు, ఇంకా పడలేదని మరో రెండు ఎక్కిస్తూ పోతే మొదటి మందు చేరేసరికి వెనకాల బారులు తీరి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చిపడుతుంది. పైగా గుండె తక్కువ రక్తం తోడుతున్నప్పుడు మందు పలచబడకుండా చిక్కగానే మెదడుకు, గుండెకు చేరుతుంది. వరసలో ముందూ వెనకా తప్పినా అంతే ముప్పు. కండరాలు సడలించే మందుకు నిద్రపుచ్చే గుణం లేదు, అది ముందు పనిచేసి నిద్రమందు వెనకబడితే రోగికి అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేడు. ఆ కొన్ని సెకన్లు జీవితాంతం గుర్తుండిపోతాయి.

మందులు శరీరంలో కలవకముందే, ట్యూబులోనే కలిసి చేసే గొడవ ఒకటి ఉంది, దాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లు మర్చిపోలేరు. 1934 నుంచి వాడుకలో ఉన్న థయోపెంటోన్ పసుపుపచ్చ పొడి, నీళ్లలో కలిపితే బాగా క్షారం, పీహెచ్ 10 దాటుతుంది. కండరాలు సడలించే వెక్యురోనియం, రోక్యురోనియం లాంటివి ఆమ్లం వైపు ఉంటాయి. థయోపెంటోన్ ఎక్కించిన వెంటనే సెలైన్ తెరిచి గొట్టం కడగకుండా వెక్యురోనియం ఎక్కిస్తే, నరంలో పెట్టిన క్యాన్యులా దగ్గర పారదర్శకంగా ఉన్న గొట్టంలో కళ్ల ముందే తెల్లటి తునకలు కడతాయి, పాలు విరిగినట్టు. ఉన్న ఒక్క నరం దారీ మూసుకుపోతుంది, మనిషి సగం నిద్రలో, ఊపిరి ఆగి ఉంటాడు. పది మిల్లీల సెలైన్ మధ్యలో తోస్తే తప్పే ప్రమాదం ఇది. ప్రొపోఫోల్‌లో తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ కలిపి ఇవ్వడం మన దగ్గర బాగా అలవాటు, చెయ్యి మంట తగ్గడానికి. ప్రొపోఫోల్ అంటే సోయా నూనె, గుడ్డు లెసిథిన్‌తో చేసిన పాలలాంటి ద్రవం కదా, లిగ్నోకైన్ మోతాదు మించినా, కలిపి చాలాసేపు పక్కన పెట్టినా ఆ నూనె బొట్లు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. కొద్దిగా కలపాలి, కలిపిన వెంటనే వాడాలి.

తెలుగు నేల మీద పనిచేసే మత్తు డాక్టర్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునేది ఇంకోటి ఉంది. స్కోలిన్ అని ఓటీలో పిలిచే సక్సినైల్‌కోలిన్ నిమిషంలో కండరాలను వదులు చేసి ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది, రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది కాబట్టి. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆ ఎంజైమ్ పుట్టుకతోనే దాదాపు పనిచేయదు, దానికి కారణమైన జన్యుమార్పును 2006లో ప్రచురించిన పరిశోధన గుర్తించింది. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, స్కోలిన్ ఇచ్చినప్పుడే తెలుస్తుంది, ఊపిరి గంటల తరబడి రాదు. అప్పటిదాకా వెంటిలేటర్ మీద ఉంచి, నిద్రమందు ఆపకుండా ఇస్తూ, ఓపిగ్గా ఆగితే మనిషి క్షేమంగా లేస్తాడు. అందుకే పీఏసీలో, అంటే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షలో, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత లేవడం ఆలస్యమైందా అని అడుగుతారు, అనుమానం ఉంటే రోక్యురోనియం వాడతారు, ఎంజైమ్ లోపం దాన్ని తాకదు. ఎంజైమ్ బాగున్నవాళ్లకు కూడా ఇదే చిక్కు మందు వల్ల రావచ్చు: ఆపరేషన్ చివర కండరాల మందును తిప్పికొట్టడానికి ఇచ్చే నియోస్టిగ్మిన్ ఈ ఎంజైమ్‌ను కూడా అణుస్తుంది. నియోస్టిగ్మిన్ ఇచ్చాక ఏ కారణంతోనో మళ్లీ స్కోలిన్ ఇవ్వాల్సి వస్తే అది అనుకున్నదానికంటే చాలాసేపు పనిచేస్తుంది.

ట్రేలో లేని మందులు రోగి ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. హైదరాబాద్‌లో యాభై దాటినవాళ్ల మందుల కవరులో టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర కనిపించడం ఎంత మామూలో చెప్పక్కర్లేదు. బీపీ పడినప్పుడు నాళాలను బిగించడానికి శరీరం వాడుకునే ఒక దారిని ఆ మాత్ర మూసేస్తుంది, ఆ పొద్దున వేసుకుని వస్తే ప్రొపోఫోల్ తర్వాత బీపీ ఎక్కువగా పడుతుంది, పైకి లేపడం కూడా కష్టం. ముందురోజు ఆపాలా వద్దా అనే చర్చ డాక్టర్ల మధ్య ఇంకా నడుస్తోంది, కానీ వేసుకున్నారా లేదా అన్నది మాత్రం తెలిసి తీరాలి. నడుం నొప్పికని నెలల తరబడి వాడే ప్రిగాబాలిన్ ఫెంటానిల్‌తో కలిసి ఊపిరిని ఇంకా మందగింపజేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వెక్యురోనియం, రోక్యురోనియంలను త్వరగా దించేస్తుంది.

మాత్రల గురించి అడిగితే కవరు తీసి చూపిస్తారు. "మందు తాగుతారా" అని అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు, "మందు ముట్టను సార్" అంటారు, కల్లు సంగతి వేరుగా అడిగితే గానీ "కల్లా, అది మాపటికి రెండు సీసలు" అనే జవాబు రాదు. తాటిచెట్టు మీంచి దించిన కల్లు అయితే సారా లెక్కే వేసుకోవచ్చు. కానీ తెలంగాణలో కల్తీ సీసా కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతూ పట్టుబడిన కేసులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ఆల్ప్రజోలం, మిడజోలం ఒకే ఇంటి పిల్లలు, గాబా తూము మీద ఒకే చోట కూర్చుంటాయి. రోజూ తాగేవాడికి ఆ చోటు మొద్దుబారి ఉంటుంది, అందరికీ సరిపోయే మిడజోలం అతనికి ఆనదు. అదే మనిషి ఆ సాయంత్రమే తాగి యాక్సిడెంట్ అయి వస్తే లోపల అప్పటికే ఒక డోసు ఉన్నట్టు, పైన మనం ఇచ్చేది దానికి తోడవుతుంది, కడుపు కూడా నిండుగా ఉంటుంది. ఆపరేషన్ కోసం మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి కల్లు ఆపేస్తే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, ఎవరికీ కారణం అంతుబట్టకపోవచ్చు.

క్లోరల్ హైడ్రేట్ మరీ ముఖ్యం. 1830లలో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ క్లోరల్‌ను క్షారంతో కలిపి క్లోరోఫాం తయారుచేశాడు, రెండూ అంత దగ్గరి చుట్టాలు. ఒంట్లోకి వెళ్లిన క్లోరల్ హైడ్రేట్ క్లోరోఫాంగా మారదు, ఇంకో పదార్థంగా మారుతుంది, కానీ చుట్టరికం గుణం పోలేదు, అది కూడా గుండె కండరాన్ని అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. బాగా కల్తీ కల్లు తాగి స్పృహ తప్పి వచ్చిన మనిషికి బీపీ పడిపోయిందని అలవాటు కొద్దీ అడ్రినలిన్ ఎక్కిస్తే, 1911లో లెవీ పిల్లుల్లో చూసిన గుండె అదురు ఇక్కడ, హైదరాబాద్ క్యాజువాలిటీ మానిటర్ మీద కనిపించవచ్చు. క్లోరల్ వల్ల గుండె అలా లయ తప్పినప్పుడు వాడాల్సింది గుండె వేగాన్ని అదుపు చేసే బీటా బ్లాకర్. అది తట్టాలంటే పక్కన నిలబడ్డ భార్యనో తమ్ముణ్నో ముందే అడిగి ఉండాలి: ఏం తాగాడు, ఎక్కడ తాగాడు, ఎన్ని సీసలు.